చేతితో చేసిన చెకుముకి రైఫిల్: స్టాక్ సన్నబరచి కొత్త పూత వేయవచ్చా?

లాంకాస్టర్_రాఘవ

పెన్సిల్వేనియాలో మా ఊరి దగ్గర ఒక పెద్దాయన కాలం చేశాక వారి కుటుంబం ఇంటి సామాను అమ్మకానికి పెట్టింది. అందులో చేతితో చేసిన ఒక చెకుముకి రైఫిల్ కనబడితే కొన్నాను. .50 కాలిబర్, 42 అంగుళాల ఎనిమిది పలకల గొట్టం, మూతి వరకూ సాగిన మేపుల్ స్టాక్ (తుపాకీ కర్ర), భుజానికి ఆనే బట్ చివర ఇత్తడి బట్ ప్లేట్, బట్ పక్కన ఇత్తడి ప్యాచ్ బాక్స్ (గుండుకు చుట్టే గుడ్డముక్కలు పెట్టుకునే అర) ఉన్నాయి. లాక్ (నిప్పు పుట్టించే యంత్రం) చక్కగా పనిచేస్తోంది, నిప్పురవ్వలు బాగా రాలుతున్నాయి. నా బాధంతా కర్ర గురించే. లాక్ చుట్టూ కర్ర మందంగా, పలకలు పలకలుగా ఉంది, చేతితో పట్టుకునే మెడ భాగం నా పిడికిలికి అందడం లేదు, మూతి వైపు బరువుగా లాగుతోంది. పైగా ఎవరో దానిమీద మందపాటి పాలీయురేథేన్ వార్నిష్ పూశారు. దాని కింద పులిచారలు ఉన్నాయని వాలు వెలుతురులో తెలుస్తోంది గానీ, మామూలుగా చూస్తే ప్లాస్టిక్ తొడుగులో పెట్టినట్లుంది.

ఈ కర్రను లాంకాస్టర్ పద్ధతికి (పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతపు పాత తుపాకీ పనివారి శైలికి) తగినట్లు సన్నబరచి, మళ్ళీ రంగు, నూనె పట్టించాలని ఉంది. ఎంతవరకు చెక్కవచ్చు, ఎక్కడ ఆగాలి, అసలు ముట్టుకోవచ్చా లేదా అన్నది ఈ పని తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

వేట_కాలం

ముందు ఒక పరీక్ష చేయండి, మిగతా విషయాలు తరువాత మాట్లాడుకుందాం. ర్యామ్‌రాడ్‌ను (గుండును లోపలికి దించే కడ్డీని) గొట్టంలో అడుగు తాకేదాకా దించి, మూతి దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తరువాత దానిని బయటికి తీసి, ఆ గుర్తు మూతికి సరిపోయేలా గొట్టం పక్కన ఆనించి చూడండి. కొస దాదాపు నిప్పు రంధ్రం దాకా రావాలి. అంగుళమో రెండంగుళాలో ముందే ఆగిపోయిందంటే లోపల మందూ గుండూ ఉన్నాయని అనుమానించాల్సిందే. ఇలా అమ్మకాల్లో దొరికిన తుపాకుల్లో నిండుగా ఉన్నవి అరుదేమీ కాదు, నల్ల తుపాకీమందు ఎన్నేళ్ళయినా పొడిగా ఉంటే అంటుకుంటుంది. మీరు చేయబోయే పనిలో హీట్ గన్ కూడా ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష అయ్యేవరకు ఏ పనిముట్టూ పట్టవద్దు. అనుమానం వస్తే మీ దగ్గరి మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు నింపే తుపాకీ) క్లబ్బులో అనుభవజ్ఞుడికి చూపించండి.

పాత_ఇత్తడి

నా అభిప్రాయంలో అసలు ప్రశ్న "ఎంత చెక్కాలి" అన్నది కాదు, "ఎవరు చేశారు" అన్నది. ఇది పద్దెనిమిదో శతాబ్దపు రైఫిల్ కాదని మీ వర్ణనను బట్టే తెలుస్తోంది. అయినా ఇటీవల చేసినదంత మాత్రాన విలువ లేనిదని అనుకోకండి. 1933లో నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడిన నాటి నుంచి, ముఖ్యంగా 1960లలో వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో తుపాకీ పనివాడు వాలెస్ గస్లర్ గొట్టం మొదలు మరలన్నీ పాత పద్ధతిలోనే చేసి చూపించాక, ఈ విద్యను మళ్ళీ నేర్చుకున్నవారు ఎందరో ఉన్నారు. వారిలో కొందరి పనిని ఇప్పుడు ఎంతో శ్రద్ధగా సేకరిస్తున్నారు. అలాంటివారి తొలినాళ్ళ రైఫిల్ మొరటుగా ఉన్నా సరే, దానిని చెక్కేస్తే ఒక మనిషి నేర్చుకున్న క్రమానికి ఉన్న సాక్ష్యం పోతుంది.

గొట్టం పై పలకమీద వెనక సగంలో సంతకం ఉందేమో చూడండి. లేకపోతే గొట్టం కింది పలక, ప్యాచ్ బాక్స్ మూత లోపలి వైపు, బట్ ప్లేట్ కింద కర్ర, లాక్ పలక లోపలి ముఖం చూడండి. రైఫిల్‌మీద పేరు దొరికితే ఉలి పక్కన పెట్టేయండి.

చిత్రిక_పని

పేరు దొరికితే పాత_ఇత్తడి గారు చెప్పినదే సరి. దొరకకపోతే మాత్రం నాది వేరే మాట. పాలీయురేథేన్ పూత చరిత్ర కాదు, అది పనిని త్వరగా ముగించడానికి వేసినది. దానిని ఊడదీయడానికి అందరూ రసాయనాల డబ్బాల కోసం వెతుకుతారు. మీరు ఎలాగూ కర్రను సన్నబరుస్తారు కాబట్టి రాస్ప్ (ముతక ఆకురాయి), ఆకురాయి, స్క్రేపర్ (గీకే ఉక్కు రేకు) వెళ్ళిన చోటల్లా పూత దానంతటదే పోతుంది. రసాయనం అవసరమయ్యేది చెక్కుడు నగిషీ ఉన్నచోట, ఇత్తడి పొదుగుల అంచుల్లో మాత్రమే. అక్కడ నెమ్మదిగా పనిచేసే రకాన్ని వాడండి. పాత రకం మిథిలీన్ క్లోరైడ్ ద్రావకాలను ఇళ్ళలో వాడకానికి అమ్మడం అమెరికాలో 2019 నుంచి నిషేధం, ఎక్కడైనా పాత డబ్బా దొరికినా మూసిన గదిలో దానిని తెరవవద్దు.

చెకుముకి_శాస్త్రి

రాఘవ గారి ప్రశ్నలో అసలైన భాగం ఆకారం గురించి కాబట్టి నేను దానికే పరిమితమవుతాను. రంగూ నూనే ఎంత బాగా కుదిరినా, ఆకారం తప్పిన రైఫిల్‌ను అవి కాపాడలేవు. లాంకాస్టర్ పనిలో ప్రధానమైనది గీత. కోంబ్ (బట్ పై అంచు) పైగీత, బట్ కింది గీత రెండూ దాదాపు తిన్నగా సాగి, బట్‌కు ఒక త్రికోణపు ఆకారాన్ని ఇస్తాయి. లీహై లోయలో, అంటే అలెన్‌టౌన్, బెత్లెహేం వైపు చేసిన రైఫిళ్ళలో కోంబ్ కాస్త వంపు తిరిగి ఉంటుంది. మీ స్టాక్ ఏ సంప్రదాయం వైపు మొగ్గుతోందో ముందు తేల్చుకోండి, ఎందుకంటే తిన్నని గీతతో మొదలైన కర్రను మధ్యలో వంపు వైపు తిప్పితే రెండూ చెడతాయి.

తరువాత చూడవలసినది లాక్ పలక చుట్టూ వదిలే చదును అంచు. కొత్తగా చేసేవారు అందరికంటే ఎక్కువగా భయపడేది ఇక్కడే. లోపల లాక్ మరలకు తవ్విన గుంత గుర్తొచ్చి, దాని చుట్టూ వేలెడు వెడల్పు కర్ర ఉంచేస్తారు. పాత రైఫిళ్ళలో ఈ అంచు 3 నుంచి 5 మి.మీ. దాకా, అంతటా దాదాపు సమానంగా ఉండి, లాక్ వెనక తోక దగ్గర కొసలా ముగుస్తుంది. ఆ అంచు నుంచి మెడలోకి కర్ర మెట్టులా దిగకూడదు, చేయి ఆగకుండా జారిపోవాలి. మీరు పలకలుగా ఉందన్నది బహుశా ఈ చోటే.

ముందరి భాగంలో గొట్టం పక్క పలక సగం ఎత్తు దాకా మాత్రమే కర్ర రావాలి. అక్కడ కర్ర పై అంచు 2 మి.మీ.కు మించకుండా ఉంటే కంటికి గొట్టమే కనిపిస్తుంది, కర్ర కనిపించదు. కింద ర్యామ్‌రాడ్ సగం బయటికి కనిపించాలి. ఈ రెండు అంచుల మధ్య కర్ర గుండ్రంగా తిరగాలి. చాలా ఇంటి పనుల్లో అది నలుపలకల పెట్టెలా మిగిలిపోతుంది.

ఒక్క కొలత మాత్రం తీసుకోకుండా మొదలుపెట్టవద్దు. గొట్టం అడుక్కీ ర్యామ్‌రాడ్ దారికీ మధ్య మిగిలిన కర్ర ఎంతో తెలియాలి. గొట్టం పై పలక నుంచి ర్యామ్‌రాడ్ అడుగు దాకా మొత్తం ఎత్తు కొలిచి, అందులోంచి గొట్టం మందం, ర్యామ్‌రాడ్ వ్యాసం తీసేస్తే మిగిలేదే అది. 3 మి.మీ. దగ్గర ఉంటే చేసినవారికి పని బాగా తెలుసు.

మేరీలాండ్_మూర్తి

శాస్త్రి గారు చెప్పినదానికి ఒకటి చేర్చాలి. మెడ సన్నబరచే ముందు చెక్క నార ఎటు పోతోందో చూడండి. నార మెడ పొడవునా బట్‌లోకి సాగితే నిశ్చింతగా ఉండవచ్చు. మధ్యలో పక్కకు వాలి బయటికి వచ్చేస్తే, ఆ చోట కర్ర మందమే దానిని కాపాడుతోందని అర్థం. పులిచారలు ఎక్కువగా ఉన్న మేపుల్‌లో చారలు నారకు అడ్డంగా పోతాయి కాబట్టి చారలను చూసి నార అనుకునే ప్రమాదం ఉంది. బట్ ప్లేట్ విప్పి చెక్క కొసన, గొట్టం తీశాక దాని గాడిలో చూస్తే అసలు నార తెలుస్తుంది. నాకు తెలిసిన ఒక మిత్రుడి రైఫిల్ సరిగ్గా ఇక్కడే, కింద పడిన మాత్రానికే, రెండుగా విరిగింది.

లాంకాస్టర్_రాఘవ

అందరి మాటా విని కొలతలు తీసుకున్నాను. గొట్టం ఖాళీగా ఉంది, ర్యామ్‌రాడ్ కొస నిప్పు రంధ్రానికి సరిగ్గా వచ్చింది. పేరు కోసం పాత_ఇత్తడి గారు చెప్పిన చోట్లన్నీ చూశాను. గొట్టం కింద దానిని తయారుచేసిన కంపెనీ ముద్ర ఉంది గానీ, రైఫిల్ చేసినవారి పేరు, తేదీ, కనీసం పొడి అక్షరాలు కూడా ఎక్కడా లేవు. నార మెడలోంచి తిన్నగా బట్‌లోకి పోతోంది.

గొట్టం మొదటినుంచి చివరిదాకా ఒకే మందం, 24 మి.మీ. ర్యామ్‌రాడ్ 9.5 మి.మీ. లాక్ ముందు మొత్తం ఎత్తు 41 మి.మీ. వచ్చింది. అంటే మధ్యలో ఏడున్నర మి.మీ. కర్ర ఉంది. ఇది ఎక్కువే కదా? మెడ వెడల్పు 45 మి.మీ. దాకా ఉంది.

చెకుముకి_శాస్త్రి

ఎక్కువే. మీ రైఫిల్ లావుగా కనిపించడానికి అసలు కారణం ఇప్పుడు దొరికింది. చేసినవారు ర్యామ్‌రాడ్ రంధ్రం తొలిచేటప్పుడు బర్మా గొట్టం గాడిలోకి దూసుకుపోతుందేమోనన్న భయంతో దానిని కిందికి ఉంచారు. ఆ నాలుగున్నర మి.మీ. తేడా లాక్ ఎత్తులోనూ ముందరి భాగం లోతులోనూ కనిపిస్తోంది, దానిని బయటినుంచి ఎంత చెక్కినా పోగొట్టలేరు. రంధ్రాన్ని పూడ్చి మళ్ళీ తొలచడం ఈ రైఫిల్‌కు చేయదగిన పని కాదని నా అభిప్రాయం. కింది గీతను ఉన్నచోటే ఒప్పుకొని, పక్కల కర్రను బాగా తీయండి. లోతును మార్చలేనప్పుడు వెడల్పును మార్చడమే దారి. కర్ర పక్కలు గుండ్రంగా తిరిగి సన్నబడితే ఆ లోతు కన్నుకు ఆనదు.

మెడను అంగుళంన్నర, అంటే 38 మి.మీ. దాకా తీసుకురావచ్చు. కాస్త ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ ఉన్న కోడిగుడ్డు ఆకారం చేతికి బాగా కుదురుతుంది. ట్రిగ్గర్ కోసం తవ్విన గుంత, ట్యాంగ్ మర (గొట్టం వెనక తోకను కర్రకు బిగించేది) ఆ చోటే ఉంటాయి కాబట్టి వాటి లోపలి హద్దులను ముందే కర్రమీద పెన్సిల్‌తో గీసుకోండి.

చిత్రిక_పని

ఇక్కడ శాస్త్రి గారితో విభేదిస్తాను. ఎంట్రీ పైపు (ర్యామ్‌రాడ్ కర్రలోకి దూరే చోటి పైపు) వెనక తొలిచిన రంధ్రాన్ని ముట్టుకోకపోయినా, దాని ముందు బయటికి తెరిచి ఉన్న గాడిని మూతి వైపు క్రమంగా లోతు చేయవచ్చు. ఎంట్రీ పైపు దగ్గర ఉన్న లోతు అలాగే ఉంటుంది, మూతి దగ్గరికి వచ్చేసరికి ర్యామ్‌రాడ్ గొట్టానికి 3 మి.మీ. దగ్గరికి చేరుతుంది. హికరీ కర్రతో చేసిన ర్యామ్‌రాడ్ అంత పొడవులో ఆ కొద్దిపాటి వంపును సులభంగా ఓర్చుకుంటుంది. రైఫిల్ మూతి వైపు సన్నబడుతూ పోయినట్లు కనిపిస్తుంది, ఆ ఆకారమే కదా రాఘవ గారు కోరుకుంటున్నది.

చెకుముకి_శాస్త్రి

ఆ పని చేయవచ్చు, కాదనను. ర్యామ్‌రాడ్ పైపులను కట్టిన మేకులను తీసి, వాటి గుంతలనూ లోతు చేసి, మేకుల రంధ్రాలు కొత్తగా వేయాల్సి వస్తుంది. పాత రంధ్రాలు పూడ్చిన గుర్తులు కర్రమీద మిగులుతాయి. మొదటిసారి ఈ పని చేసేవారికి నేను చెప్పను. గాడి లోతు చేసే చేయి ముందు పక్కలు సన్నబరచి అలవాటు పడాలి. పక్కలు అయ్యాక చూసి, అప్పుడూ లావుగా అనిపిస్తే చిత్రిక_పని గారి దారి ఎలాగూ తెరిచే ఉంటుంది.

వేట_కాలం

మూతి బరువు విషయంలో రాఘవ గారు ఆశపెట్టుకోకూడదు. అది కర్ర వల్ల రాలేదు, ఒకే మందంలో ఉన్న గొట్టం వల్ల వచ్చింది. పాత రైఫిళ్ళలో గొట్టం వెనక లావుగా ఉండి, మధ్యలో సన్నబడి, మూతి దగ్గర మళ్ళీ కొద్దిగా విచ్చుకుంటుంది, అందుకే అంత పొడవున్నా చేతుల్లో తేలికగా నిలుస్తాయి. మీ దాంట్లో కర్ర ఎంత తీసినా ముందుకు లాగడం పూర్తిగా పోదు. బట్ వైపు మరీ ఎక్కువ తీస్తే ఇంకా ముందుకు లాగుతుంది కూడా. నిలబడి కాల్చేటప్పుడు ఆ బరువు తుపాకీని కదలకుండా ఉంచుతుంది కాబట్టి గురి పందేలకు వెళ్ళేవారు దానినే కోరుకుంటారు.

పాత_ఇత్తడి

పేరు దొరకలేదు కాబట్టి నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అయినా చెక్కే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసి, కొలతలతో పాటు భద్రపరచండి. ఆ కుటుంబాన్ని అడిగితే చేసినవారెవరో చెప్పగలిగే మనవలో మేనల్లుళ్ళో ఉండవచ్చు, అడగడంలో తప్పు లేదు.

ఇత్తడి గురించి ఎవరూ చెప్పలేదు. ప్యాచ్ బాక్స్, బట్ ప్లేట్ రెండూ కర్రతో సమానంగా ఆకురాయి పట్టి అమర్చినవి. వాటి చుట్టూ కర్ర తగ్గిస్తే ఇత్తడి పైకి లేచి కనిపిస్తుంది. ప్యాచ్ బాక్స్ మీద చెక్కుడు నగిషీ ఉంటే దానిని ఆకురాయితో తగ్గించలేరు, అప్పుడు బట్ ఆ పక్క మీకు ముట్టుకోరాని హద్దు. నగిషీ లేకపోతే ఇత్తడిని, కర్రను కలిపే తగ్గించవచ్చు, అయితే రేకు మందం ఎంతో ముందు మూత అంచున కొలిచి చూడండి.

లాంకాస్టర్_రాఘవ

ప్యాచ్ బాక్స్ మీద నగిషీ ఉంది, చేయి తిరగనివారి పనే అయినా ముచ్చటగా ఉంది. దానిని అలాగే ఉంచుతాను. అంటే బట్ కుడి పక్క చెక్కేది దాదాపు లేనట్లే. ఎడమ పక్క చీక్‌పీస్ (చెంప ఆనే ఉబ్బు) కింద మాత్రం కర్ర ఎక్కువగా ఉంది.

చెకుముకి_శాస్త్రి

అది మంచి సంగతే. మీ పని ఇప్పుడు లాక్ పలకలు, మెడ, ముందరి భాగం, చీక్‌పీస్ కింది అంచు, ఇంతకే పరిమితమైంది. గొట్టాన్ని, లాక్‌ను వాటి చోట బిగించే ఉంచి చెక్కండి. గొట్టం తీసేసిన పూర్తి పొడవు స్టాక్ చాలా సున్నితమైనది, వైస్‌లో బిగిస్తే ముందరి భాగం చీలిపోతుంది. ఆకురాయి ఇనుమును తాకకుండా గొట్టం పక్కలకు టేపు అంటించండి.

మేరీలాండ్_మూర్తి

చివరి నునుపుకు ఉప్పు కాగితమే ఉత్తమమని నా అనుభవం. 120తో మొదలుపెట్టి 220, 320 దాకా వెళితే ఎక్కడా ఎగుడుదిగుడు మిగలదు. స్క్రేపర్ పులిచారల మీద గట్టి గీతను వదిలి మెత్తని గీతను తీసేస్తుంది, ఉపరితలం అలలు అలలుగా అవుతుంది.

చిత్రిక_పని

మూర్తి గారూ, అలలు వచ్చేది మొద్దుబారిన స్క్రేపర్‌తో. పదును బాగా ఉండి, నారకు కొద్దిగా ఏటవాలుగా లాగితే రావు. ఉప్పు కాగితాన్ని వేళ్ళతో పట్టి రుద్దితే అంచులన్నీ గుండ్రబడిపోతాయి. లాక్ చుట్టూ అంచు, చీక్‌పీస్ గీత, ర్యామ్‌రాడ్ గాడి పక్క సన్నని గీత, ఇవి పదునుగా నిలిస్తేనే రైఫిల్‌కు అందం. కాగితం వాడాలంటే తప్పనిసరిగా గట్టి చెక్కముక్కకు చుట్టి వాడండి. పాత పనివారు నునుపు చేసినది ఎక్కువగా స్క్రేపర్లతోనే, పాత రైఫిళ్ళ మీద ఆ గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఏది వాడినా, చివర తడిగుడ్డతో కర్రను తుడిచి, ఆరనిచ్చి, పైకి లేచిన నూగును తేలికగా కోసేయండి. ఇంక లేవదనిపించే దాకా ఇది మళ్ళీ చేయాలి. ఇప్పుడు వదిలేస్తే రంగు వేసినప్పుడు అదే నూగు లేస్తుంది.

మేరీలాండ్_మూర్తి

చెక్కముక్కకు చుట్టడం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. గుంటలు పడిన చోట్ల మాత్రం చెక్కనక్కర్లేదని రాఘవ గారికి చెప్పాలి. తడిగుడ్డ పరచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి నొక్కుకుపోయిన నార ఉబ్బి పైకి వస్తుంది. తెగిపోయిన నార మాత్రం రాదు.

కొలిమి_గట్టు

రంగు సంగతికి వద్దాం. మేపుల్‌కు సంప్రదాయ రంగు ఆక్వాఫోర్టిస్, అంటే ఇనుము కరిగిన నత్రికామ్లం. ఆమ్లంతో ఇంట్లో తయారుచేయవద్దు. ఫెర్రిక్ నైట్రేట్ స్ఫటికాలు దొరుకుతాయి, నీటిలో కలిపితే అదే పని చేస్తాయి. చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకొని, ఇనుప భాగాలన్నీ తీసేసి, ఆరుబయటే పూయండి. ఆరాక హీట్ గన్‌తో నెమ్మదిగా వేడిచేస్తే కళ్ళముందే ఎర్రటి గోధుమరంగు విచ్చుకుంటుంది. చారలు కొంచెం ముదురుగా, మధ్యభాగం లేతగా తేలతాయి, ఏ డబ్బా రంగూ ఆ లోతును ఇవ్వదు. వేడిచేసేటప్పుడు వచ్చే పొగ పీల్చకూడదు. అంతా అయ్యాక వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి ఆమ్లాన్ని విరిచేయాలి, లేకపోతే నూనె కింద కూడా అది పనిచేస్తూనే ఉంటుంది.

రాఘవ గారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఎక్కడైనా పాలీయురేథేన్ కొంచెం మిగిలినా అక్కడ రంగు పట్టదు. లాక్ చుట్టూ ఏళ్ళ తరబడి ఇంకిన నూనె ఉంటుంది, అక్కడా అంతే. సుద్దపొడిని ఆల్కహాల్‌లో ముద్దగా కలిపి పట్టించి ఆరనిస్తే ఆ నూనెను పైకి లాగుతుంది. ముందుగా బట్ ప్లేట్ కింది కర్రమీద రంగు వేసి చూసుకోండి, అది ఎలాగూ బయటికి కనిపించదు.

ఏటికొప్పాక_లక్ష్మి

మా ఊరిలో అంకుడు కర్ర బొమ్మలకు లక్కే పూత, ఎన్నేళ్ళయినా ఆ మెరుపు తగ్గదు. ప్రపంచమంతా చెక్కకు పూసే షెల్లాక్ కూడా లక్క నుంచే వస్తుంది కదా. ఈ తుపాకీకి నూనె బదులు లక్క పూయకూడదా?

కొలిమి_గట్టు

లక్ష్మి గారూ, చెక్క రంధ్రాలు మూయడానికి మొదటి పూతగా పలుచని షెల్లాక్ వేసేవారు ఉన్నారు, అంతవరకు అది మంచిదే. పై పూతగా మాత్రం రెండు ఇబ్బందులు. నీరు తగిలి నిలిస్తే తెల్లటి మచ్చ పడుతుంది, తుపాకీని శుభ్రం చేసేది నీళ్ళతోనే. రెండవది, లక్క వేడికి మెత్తబడుతుంది. బొమ్మకు తిరిగే కదురు మీద రాపిడి వేడితో పట్టించే గుణమే ఇక్కడ లోపమవుతుంది.

వేట_కాలం

నీటి మాట చాలా ముఖ్యం. పెన్సిల్వేనియాలో చెకుముకి తుపాకులకు ప్రత్యేకంగా కేటాయించిన జింకల వేట కాలం 1974లో మొదలైంది, అది క్రిస్మస్ మరునాడు మొదలై జనవరిలోకి సాగుతుంది. మంచు, వాన, ఇంట్లోకి రాగానే పొడి వేడి, ఇవన్నీ కర్ర ఓర్చుకోవాలి. కాబట్టి పూత బయట ఒక్కటే కాదు, గొట్టం గాడి, లాక్ గుంత, బట్ ప్లేట్ కింద చెక్క కొస, అన్నిచోట్లా పట్టించాలి. లోపల వదిలేస్తే అక్కడినుంచే తేమ చేరి కర్ర ఉబ్బుతుంది.

చిత్రిక_పని

నూనె అంటే ఉడికించిన అవిసె నూనె అని నా మాట. పచ్చి అవిసె నూనె ఆరడానికి చాలా కాలం పడుతుంది, ఆరబెట్టే లవణాలు కలిపినది వాడండి. ట్రూ ఆయిల్ (తుపాకీ కర్రలకు అమ్మే తయారీ పూత) వాడేవారూ ఉన్నారు, అది త్వరగా ఆరుతుంది, కానీ మందంగా వేస్తే మీరు వదిలించుకున్న ఆ ప్లాస్టిక్ మెరుపే మళ్ళీ వస్తుంది. ఏదైనా సరే పలుచగా అరచేత్తో రుద్ది, మిగిలినది తుడిచేసి, పూర్తిగా ఆరాకే తరువాతి పూత వేయండి.

నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి చెత్తబుట్టలో పడేయవద్దు. అవిసె నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. వర్క్‌షాపులు ఇలాగే కాలిపోయాయి. విడివిడిగా ఆరుబయట పరచండి, లేదా నీళ్ళు నింపిన డబ్బాలో వేసి మూత పెట్టండి.

పాత_ఇత్తడి

ఇనుము, ఇత్తడి గురించి రెండు మాటలు. ఇత్తడిని చక్రం మీద మెరుగు పెట్టవద్దు, అంచులూ నగిషీ అరిగిపోతాయి. చేత్తో తుడిచి వదిలేస్తే కాలమే రంగు తెస్తుంది. గొట్టానికి నీలిరంగు ఉంటే, ఈ కర్రకు అది అంతగా నప్పదు.

కొలిమి_గట్టు

గొట్టాన్ని గోధుమరంగు తుప్పు పద్ధతిలో చేసుకోవచ్చు. పాత రంగు తీసి, జిడ్డు లేకుండా కడిగి, ద్రావణాన్ని పలుచగా పూసి, తేమ ఉన్న పెట్టెలో వేలాడదీస్తే సన్నని తుప్పు పడుతుంది. దానిని గరుకు గుడ్డతో రుద్ది, మళ్ళీ పూయాలి. రంగు సమానంగా వచ్చాక సోడా నీళ్ళతో ఆపి, వేడిమీదే నూనె పట్టించాలి. గొట్టం లోపలికి, నిప్పు రంధ్రంలోకి ద్రావణం పోకుండా చెక్క బిరడాలు బిగించడం మరువవద్దు. గొట్టం వెనక కొసను మూసే బ్రీచ్ ప్లగ్‌ను విప్పనక్కర్లేదు, కారణం లేకుండా విప్పితే మళ్ళీ అదే చోట బిగియకపోవచ్చు.

లాంకాస్టర్_రాఘవ

ఇప్పుడు నాకు పని క్రమం స్పష్టంగా తెలిసింది. ముందు ఫోటోలు, కొలతలు. తరువాత గొట్టం బిగించి ఉండగానే లాక్ పలకలు, మెడ, ముందరి భాగం పక్కలు. ర్యామ్‌రాడ్ గాడిని ఇప్పటికి ముట్టుకోను. ఆ కుటుంబానికి ఫోన్ చేశాను, వాళ్ళ బాబాయి గారు బెత్లెహేం దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో పనిచేస్తూ సాయంత్రాలు ఇలాంటివి చేసేవారట, పేరు చెప్పారు. ఆ పేరును కాగితంమీద రాసి బట్ ప్లేట్ కింద ఉంచుతాను. ఆయన చేసిన గీతలను పాడుచేయకుండా, ఆయన భయపడి వదిలేసిన కర్రను మాత్రమే తీయాలని ఉంది.

పాత_ఇత్తడి

పేరు తెలిసింది కాబట్టి కాగితంతో పాటు మీరు ఏమేం మార్చారో కూడా తేదీతో రాయండి. తరువాతివారికి ఏది ఆయన పని, ఏది మీ పని అన్నది తెలియాలి.

చెకుముకి_శాస్త్రి

గొట్టం తీసేటప్పుడు ఒక జాగ్రత్త. దానిని కర్రకు కట్టిన మేకులు వార్నిష్ కింద కనిపించకపోవచ్చు, టార్చి వాలుగా పట్టి వెతకండి. మేకుకంటే సన్నని పంచ్‌తో మెల్లగా తట్టి తీసి, ఏ మేకు ఏ రంధ్రానిదో గుర్తు పెట్టుకోండి. ట్యాంగ్ మర విప్పాక గొట్టాన్ని మూతి పట్టి లాగకండి, స్టాక్‌ను తలకిందులు చేసి బ్రీచ్ వైపు నుంచి కొద్దికొద్దిగా వదులు చేయండి.

తిరిగి బిగించే ముందు గొట్టం కింది లగ్గుల్లో (మేకు పట్టే చిన్న చెవుల్లో) మేకు దూరే రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయేమో చూడండి. అలా ఉంటే సన్నని ఆకురాయితో వాటిని పొడవు దిశలో కొంచెం సాగదీయండి. తేమకు కర్ర, వేడికి గొట్టం వేర్వేరుగా కదులుతాయి. ఇప్పటిదాకా మందపాటి కర్ర ఆ లాగుడును ఓర్చుకుంది, మీరు సన్నబరచాక మేకు దగ్గర చీలుతుంది.